పెన్‌డ్రైవ్ సింక్ ఎక్కడ నత్తనడక నడుస్తుంది, ఎక్కడ వేగం పుంజుకుంటుంది

సాధారణ పెన్‌డ్రైవ్‌లోకి 4 జీబీల వీడియో ఫైలు ఐదు నిమిషాల లోపే ఎక్కుతుంది. అదే డ్రైవ్‌లోకి 200 ఎంబీల ప్రాజెక్టు ఫోల్డర్‌ను సింక్ చేయబోతే పావుగంట గడిచినా పని తెమలదు. డేటా ఇరవయ్యో వంతు, సమయం మూడింతలు. డ్రైవ్ పాడైందేమోనని కొత్తది కొంటారు, దానిలోనూ అదే తంతు. యూఎస్‌బీ ప్రమాణం పెరిగినా, డ్రైవ్ మీద రాసిన అంకె పెరిగినా ఈ రకం జాప్యం పెద్దగా తగ్గదు. పెన్‌డ్రైవ్‌ను ఆలస్యం చేసేది ఎన్ని ఎంబీలు రాశామన్నది కాదు, ఎన్నిసార్లు రాశామన్నది.

సింక్‌లో సమయం మూడు చోట్ల పోతుంది. ఒకటి, రెండు వైపులా ఉన్న ఫైళ్ల జాబితాలు చదివి పోల్చడం. రెండు, ఫైలు చిన్నదైనా పెద్దదైనా తప్పని లాంఛనాలు: పేరు నమోదు, చోటు కేటాయింపు, తేదీ వేయడం, మూయడం. మూడు, అసలు డేటా రాయడం. వీటిలో ఏది ఎక్కువ తింటోందో తేల్చకుండా దొరికిన చిట్కాలన్నీ వరసబెట్టి ప్రయోగిస్తే మిగిలేది శ్రమే.

తేల్చడానికి పెద్ద సాధనాలేమీ అక్కర్లేదు. సింక్ ఒకసారి పూర్తయ్యాక డ్రైవ్‌ను ఎజెక్ట్ చేసి, మళ్లీ పెట్టి, ఏ ఫైలునూ ముట్టుకోకుండా రెండోసారి నడపాలి. తీసి మళ్లీ పెట్టకపోతే జాబితా ర్యామ్‌లోంచే వచ్చేసి లెక్క తప్పుతుంది. ఇప్పుడు పట్టిన సమయమంతా పోలికదే. ఇరవై వేల ఫైళ్లున్నా ఇది సెకన్లలో, మహా అయితే ఒకటి రెండు నిమిషాల్లో ముగియాలి. తర్వాత 3 జీబీల ఫైలును ఒకదాన్ని కాపీ చేసి, ఎజెక్ట్ పూర్తయ్యేదాకా లెక్కపెడితే డేటా వేగం తెలుస్తుంది. చివరగా వెయ్యి చిన్న ఫైళ్లున్న ఫోల్డర్‌ను కాపీ చేసి, పట్టిన సమయాన్ని వెయ్యితో భాగిస్తే ఒక్కో ఫైలుకు పడే ఖర్చు బయటపడుతుంది.

ఎజెక్ట్ పూర్తయ్యేదాకా అనడానికి కారణం ఉంది. లినక్స్‌లో కాపీ చేసిన డేటా ముందు ర్యామ్‌లో నిలుస్తుంది. అలా నిలవగలిగిన డేటాకు డిఫాల్టు పరిమితి, అందుబాటులో ఉన్న మెమరీలో 20 శాతం. 16 జీబీల ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో ఇది దాదాపు 3 జీబీలు. స్క్రీన్ మీద పట్టీ నూరు శాతం చూపించేస్తుంది, డ్రైవ్ మాత్రం సెకనుకు 15 ఎంబీల చొప్పున మరో మూడు నిమిషాలకు పైగా రాస్తూనే ఉంటుంది. అదుగో అప్పుడే చాలామంది డ్రైవ్ లాగేస్తారు.

ఏమీ మారకపోయినా అన్నీ మళ్లీ కాపీ అవుతుంటే

రెండోసారి నడిపినప్పుడు కూడా మొదటిసారి పట్టినంత సమయమే పడితే జబ్బు దాదాపుగా తెలిసినట్టే. ప్రోగ్రామ్ దృష్టిలో ప్రతి ఫైలూ మారినదే. ఇలా జరగడానికి మొదటి కారణం తేదీ, సమయం.

సింక్ ప్రోగ్రాములు సాధారణంగా ఫైలు లోపలికి తొంగిచూడవు. సైజు, చివరిసారి మార్చిన సమయం ఒకటే అయితే ఫైలు మారలేదని వదిలేస్తాయి. చిక్కంతా ఈ సమయాన్ని ఒక్కో ఫైల్ సిస్టమ్ (డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) ఒక్కో సూక్ష్మతతో దాచుకోవడంలో ఉంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ 100 నానోసెకన్ల దాకా నమోదు చేస్తుంది. ఎక్స్‌ఫ్యాట్ 10 మిల్లీసెకన్ల దాకా. ఫ్యాట్32 మాత్రం రెండు సెకన్లకు ఒక మెట్టు. 10:15:07కు సేవ్ అయిన ఫైలు ఫ్యాట్32 డ్రైవ్‌లోకి వెళ్లాక ఆ బేసి సెకనును నిలుపుకోలేదు, పక్కనున్న సరి సెకనుకు జరుగుతుంది. మరుసటిసారి పోల్చినప్పుడు రెండు వైపులా సమయం కలవదు, మళ్లీ కాపీ. ఎన్నిసార్లు కాపీ చేసినా ఈ తేడా పోదు, ఎందుకంటే దాన్ని పుట్టించేదే కాపీ.

లినక్స్‌లో ఎక్కువగా వాడే సింక్ ప్రోగ్రామ్ ఆర్‌సింక్‌లో దీనికి విరుగుడు ‘మాడిఫై-విండో’ ఆప్షన్. 1 ఇస్తే ఫ్యాట్‌కు సరిపోతుంది, 2 ఇచ్చినా నష్టం లేదు. విండోస్‌లోని రోబోకాపీకి ‘/ఎఫ్‌ఎఫ్‌టీ’ ఇస్తే రెండు సెకన్ల తేడాను లెక్కచేయదు. ఫ్రీఫైల్‌సింక్ అనే ప్రోగ్రామ్ ఈ సడలింపును ముందుగానే పెట్టుకుని వస్తుంది. ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌కు కూడా ఇదే సడలింపు ఇచ్చుకోవడం మంచిది. డ్రైవ్‌ను వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌లో పెట్టినప్పుడు ఆ 10 మిల్లీసెకన్ల సూక్ష్మతను అన్ని డ్రైవర్లూ ఒకేలా పాటిస్తాయన్న భరోసా లేదు.

తేడా రెండు సెకన్లు కాకుండా సరిగ్గా గంటో, కొన్ని గంటలో అయితే కారణం వేరు. ఫ్యాట్32 స్థానిక సమయాన్ని మాత్రమే రాస్తుంది, అది ఏ టైమ్ జోన్‌దో రాయదు. ఎన్‌టీఎఫ్‌ఎస్, లినక్స్ ఫైల్ సిస్టమ్‌లు యూటీసీని, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయాన్ని దాస్తాయి. వేసవిలో గడియారాలు గంట ముందుకు జరిపే దేశాల్లో ఏటా రెండుసార్లు డ్రైవ్‌లోని ఫైళ్లన్నీ గంట తేడా చూపిస్తాయి. టైమ్ జోన్ వేరుగా ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య తిరిగే డ్రైవ్‌కు ఈ బాధ రోజూ ఉంటుంది. రోబోకాపీలో ‘/డీఎస్‌టీ’ ఆ గంట తేడాను సర్దుతుంది. కంప్యూటర్ల టైమ్ జోన్ సరిచేయడం, డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చడం అంతకంటే మేలు. ఎక్స్‌ఫ్యాట్‌లో సమయం పక్కనే యూటీసీతో ఉన్న తేడాను రాసుకునే చోటు ఉంది.

ఏ కారణమో ఊహించాల్సిన పని లేదు, ప్రోగ్రామే చెబుతుంది. ఆర్‌సింక్‌ను ‘డ్రై-రన్’, ‘ఐటమైజ్-చేంజెస్’ ఆప్షన్లతో నడిపితే ఏదీ కాపీ చేయకుండా ప్రతి ఫైలు ముందు పదకొండు అక్షరాల గుర్తు చూపిస్తుంది. సైజు మారితే నాలుగో స్థానంలో ‘ఎస్’, సమయం మారితే ఐదో స్థానంలో ‘టి’ కనిపిస్తాయి. మారనిచోట చుక్క ఉంటుంది. వేల ఫైళ్ల ముందు నాలుగో స్థానంలో చుక్క, ఐదో స్థానంలో ‘టి’ వరసగా కనిపించాయంటే సమస్య గడియారానిదే. రోబోకాపీలో ‘/ఎల్’ ఇదే పని చేస్తుంది. అక్కడ ఫైళ్లన్నిటికీ ‘న్యూయర్’ అనో ‘ఓల్డర్’ అనో పడితే అర్థం అదే.

సమయాన్ని పూర్తిగా వదిలేసి సైజు మాత్రమే చూడమని చెప్పే ‘సైజ్-ఓన్లీ’ ఆప్షన్ కూడా ఉంది. ఫొటోలు, పాటల్లాంటి ఒకసారి వచ్చాక మారని వాటికి బాగానే ఉంటుంది. లెక్కల షీట్‌లో 5ను 6గా మార్చి సేవ్ చేస్తే సైజు మారకపోవచ్చు, ఆ మార్పు డ్రైవ్‌కు చేరనే చేరదు. రెండో కొసన ఉన్నది ‘చెక్‌సమ్’. ఇది రెండు వైపులా ప్రతి ఫైలునూ ఆసాంతం చదువుతుంది. 60 జీబీలు నిండిన డ్రైవ్‌ను సెకనుకు 100 ఎంబీల చొప్పున చదివినా పది నిమిషాలు పడుతుంది. రోజువారీ సింక్‌లో దాని అవసరం లేదు.

ప్రతిసారీ కాపీ అవడానికి గడియారంతో పని లేని కారణాలూ కొన్ని ఉన్నాయి. లినక్స్‌లో ‘రిపోర్ట్’ పేరుతో రెండు ఫైళ్లు, ఒకటి పెద్ద అక్షరాల్లో, ఒకటి చిన్న అక్షరాల్లో ఉండవచ్చు. ఫ్యాట్‌కు ఆ రెండూ ఒకటే. సింక్ చేసిన ప్రతిసారీ ఒకదాని మీద ఇంకొకటి పడుతూనే ఉంటుంది. పేరులో కోలన్, ప్రశ్నార్థకం ఉన్న ఫైళ్లు ఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్‌లలోకి అసలు వెళ్లవు, ప్రతిసారీ ప్రయత్నమూ వైఫల్యమూ కొత్తగా జరుగుతాయి. అన్నిటికంటే ఖరీదైనది 4 జీబీలు దాటిన ఫైలు. ఫ్యాట్32లో ఒక ఫైలుకు పరిమితి 4 జీబీలకు ఒక బైటు తక్కువ. కొన్ని ప్రోగ్రాములు సైజు ముందుగా చూసుకోకుండా నాలుగు జీబీలూ రాసి, అప్పుడు విఫలమై, రాసినదంతా చెరిపేస్తాయి. రోజూ ఐదు నిమిషాలు ఉత్తపుణ్యానికి పోతాయి, లాగ్ తెరిచి చూస్తే తప్ప తెలియదు.

ఇరవై వేల చిన్న ఫైళ్లు

ఫ్లాష్ మెమరీలో రాసినదాని మీద మళ్లీ రాయడం కుదరదు. రాయడం పేజీల్లో, చెరపడం బ్లాకుల్లో జరుగుతుంది. పేజీ కొన్ని కేబీలు, చెరిపే బ్లాకు వందల కేబీల నుంచి కొన్ని ఎంబీల దాకా. పలక మీద ఒక్క అక్షరం దిద్దడానికి పలకంతా తుడిచి మొత్తం మళ్లీ రాసుకోవాల్సి వస్తే ఎలా ఉంటుందో, చవక కంట్రోలర్ (ఫ్లాష్‌ను నడిపించే చిప్) ఉన్న పెన్‌డ్రైవ్‌కు చిన్న మార్పు అలాంటిది. ఎస్‌ఎస్‌డీలలో ఈ భారాన్ని దాచడానికి పెద్ద పట్టికలు, ర్యామ్, గట్టి ప్రాసెసర్ ఉంటాయి. పెన్‌డ్రైవ్ కంట్రోలర్‌కు అంత సరంజామా ఉండదు. ఒకేసారి తెరిచి ఉంచగలిగే బ్లాకులు దానికి కొన్నే. అంతకంటే ఎక్కువ చోట్ల రాయమంటే ఒకదాన్ని సర్ది మూసి ఇంకోదాన్ని తెరుస్తుంది, ఆ సర్దుబాటుకే పదుల మిల్లీసెకన్లు పోతాయి.

ఇప్పుడు ఫ్యాట్32లో 10 కేబీల ఫైలు ఒకటి ఎక్కడం దగ్గరగా చూద్దాం. ఫోల్డర్ పట్టికలో పేరు రాయాలి. డేటా ఇంకో చోట రాయాలి. ఫ్యాట్ పట్టికలో డేటా ముక్కలు ఏ వరసలో ఉన్నాయో చెప్పే గొలుసు రాయాలి, ఆ పట్టికకు రెండు ప్రతులుంటాయి గనుక రెండుసార్లు. సైజు, సమయం వేయడానికి మళ్లీ ఫోల్డర్ పట్టిక దగ్గరికి రావాలి. చాలా సింక్ ప్రోగ్రాములు ముందు తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక అసలు పేరుకు మారుస్తాయి. అంటే పట్టికలో మరో దిద్దుబాటు. పాత ఫైలు ఉంటే దాన్ని తీసేయడం అదనం. 10 కేబీల సరుకుకు అయిదారు చోట్ల చిల్లర రాతలు. ఆపరేటింగ్ సిస్టమ్ వీటిని పోగుచేసి ఒకేసారి పంపితే కొంత నయం, ఎప్పటికప్పుడు పంపితే పూర్తి భారం పడుతుంది.

ఒక్కో ఫైలుకు 40 మిల్లీసెకన్లు పోతున్నాయనుకుందాం. ఇరవై వేల ఫైళ్లకు 800 సెకన్లు, అంటే పదమూడు నిమిషాలకు పైనే. వాటిలోని 200 ఎంబీల డేటా రాయడానికి సెకనుకు 15 ఎంబీల వేగంతో పట్టేది 13 సెకన్లు. డ్రైవ్ మార్చి డేటా వేగాన్ని రెట్టింపు చేసుకున్నా మిగిలేది ఆరేడు సెకన్లే. ఫైళ్ల సంఖ్యను సగం చేస్తే ఆరు నిమిషాలు మిగులుతాయి.

అందుకని మొదట చూడాల్సింది, అసలు వెళ్లనవసరం లేనివి ఏవేవి వెళ్తున్నాయని. బ్రౌజర్ కాష్, థంబ్‌నెయిల్స్, ప్రోగ్రామర్ల ‘నోడ్_మాడ్యూల్స్’ ఫోల్డర్, బిల్డ్‌లో పుట్టే ఆబ్జెక్ట్ ఫైళ్లు, ఫొటో సాఫ్ట్‌వేర్ ప్రివ్యూలు, ఇవన్నీ అవసరమైతే మళ్లీ పుట్టించుకోగలిగినవి. ‘నోడ్_మాడ్యూల్స్’ ఒక్కదానిలోనే పదివేల ఫైళ్లు ఉండటం మామూలే. వీటిని మినహాయించడానికి ఆర్‌సింక్‌లో ‘ఎక్స్‌క్లూడ్’, రోబోకాపీలో ఫోల్డర్లకు ‘/ఎక్స్‌డీ’, ఫైళ్లకు ‘/ఎక్స్‌ఎఫ్’. ఇంతకు మించి ఫలితమిచ్చే మార్పు ఇంకొకటి లేదు. మ్యాక్ వాడేవారు మరొకటి గమనించాలి. ఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌లలో అది ఫైళ్ల అదనపు వివరాలను చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే వేరే ఫైళ్లలో దాస్తుంది. వాటివల్ల ఒక్కోసారి ఫైళ్ల సంఖ్య రెట్టింపవుతుంది.

తీసేయలేనివాటిని మూటకట్టవచ్చు. మార్పులు లేని పాత ఫోల్డర్లను కంప్రెషన్ లేకుండా టార్‌గానో, ‘స్టోర్’ పద్ధతిలో జిప్‌గానో చేస్తే ఇరవై వేల రాతలు ఒకే వరస రాత అవుతాయి. ఫొటోలు, వీడియోలు ముందే కుదించి ఉంటాయి కాబట్టి కంప్రెషన్ పెట్టినా ప్రాసెసర్‌కు పనే తప్ప చోటు మిగలదు. అయితే మొత్తాన్నీ ఒకే పెద్ద మూట చేస్తే అసలుకే మోసం వస్తుంది. ఒక చిన్న ఫైలు మారినా 10 జీబీల మూట మొత్తం మళ్లీ వెళ్లాలి. నెలకొకటో ప్రాజెక్టుకొకటో చొప్పున, ఒక్కో మూట కొన్ని వందల ఎంబీలు దాటకుండా కట్టుకుంటే రెండు వైపులా లాభం. రోజూ మారేవి విడిగానే ఉండాలి.

సోర్స్ కోడ్‌కు మూట కూడా అక్కర్లేదు. కోడ్ మార్పులను నమోదు చేసే గిట్ వాడుతుంటే, డ్రైవ్ మీద బేర్ రిపోజిటరీ (మార్పుల చరిత్ర మాత్రమే ఉండే ప్రతి) పెట్టి దానికి పుష్ చేస్తే, కొత్త కమిట్‌లు మాత్రమే వెళ్తాయి. ‘.గిట్’ అనే దాగి ఉండే ఫోల్డర్‌ను మామూలు ఫైళ్లలా సింక్ చేయడమే తప్పు దారి, అందులో విడివిడి ఆబ్జెక్టులు వేలల్లో ఉంటాయి. అలాగే చేయక తప్పకపోతే ముందు ‘గిట్ జీసీ’ నడిపితే అవి ప్యాక్ ఫైళ్లలోకి చేరతాయి.

ఒకే ఫోల్డర్‌లో వేల ఫైళ్లు కుక్కడం ఫ్యాట్‌లో మరో గుదిబండ. ఆ పట్టికకు సూచిక లేదు, పేరు వెతకాలంటే మొదటి నుంచి చదవాలి. ఒక్కో నమోదు 32 బైట్లు. పొడవాటి పేరు పదమూడేసి అక్షరాల ముక్కలుగా విడిపోయి, ఒక్కో ముక్క ఒక్కో నమోదు తింటుంది. 30 అక్షరాల పేరుకు మూడు ముక్కలు, పొట్టి పేరుకు ఒకటి, మొత్తం నాలుగు. తెలుగు పేర్లలో గుణింతం గుర్తులు, పొల్లులు కూడా విడివిడి అక్షరాలుగానే లెక్కకు వస్తాయి కాబట్టి చూపుకు పది అక్షరాల పేరు ఇరవై దాటిపోతుంది. ఫ్యాట్32లో ఒక ఫోల్డర్‌కు 65,536 నమోదుల పరిమితి. నాలుగేసి తినే పేర్లయితే పదహారు వేల ఫైళ్లకే ఫోల్డర్ నిండి, డ్రైవ్‌లో సగం ఖాళీ ఉండగానే చోటు లేదంటుంది. ఫోల్డర్‌కు వెయ్యి, రెండు వేలకు మించకుండా ఏడాది, నెలవారీగా విడగొట్టడం మంచిది.

ఒకేసారి ఎనిమిది, పదహారు థ్రెడ్లతో, అంటే అన్ని ఫైళ్లను సమాంతరంగా కాపీ చేయించే సలహా తరచూ వినిపిస్తుంది. నెట్‌వర్క్ మీద అది బాగా పనిచేస్తుంది. రోబోకాపీ ‘/ఎంటీ’ డిఫాల్టు 8 థ్రెడ్లు. సాధారణ పెన్‌డ్రైవ్ మాత్రం ఒక ఆదేశం ముగిశాకే మరొకటి తీసుకుంటుంది, ఆ పాత యూఎస్‌బీ పద్ధతిలో వరసలో నిలబెట్టే వీలే లేదు. పైగా ఎనిమిది ఫైళ్లు ఎనిమిది చోట్ల ఒకేసారి రాస్తుంటే, కొన్ని బ్లాకులే తెరిచి ఉంచగల కంట్రోలర్ ఉక్కిరిబిక్కిరవుతుంది. ఫైళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఆ సోర్స్ డిస్కు నెమ్మదైనప్పుడు రెండు థ్రెడ్ల వల్ల కొంత లాభం కనిపించవచ్చు. అంతకు మించి పెంచితే తగ్గే అవకాశమే ఎక్కువ.

పెద్ద ఫైళ్ల సంగతి

రోజూ కాస్త మారే 2 జీబీల మెయిల్ ఫైలు, వర్చువల్ మెషిన్ డిస్కు లాంటివి వేరే రకం భారం. ఆర్‌సింక్ అనగానే మారిన ముక్కలే పంపుతుందని పేరు. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరస్ దాన్ని తెచ్చింది నెమ్మది నెట్‌వర్కుల కోసం. రెండు ఫోల్డర్లూ ఒకే కంప్యూటర్‌కు తగిలించి ఉంటే అది ఆ తెలివిని పక్కనపెట్టి మొత్తం ఫైలును కాపీ చేస్తుంది; స్థానిక డిస్కుల మధ్య పోలిక కంటే కాపీయే చవక అన్నది దాని లెక్క. చదవడం వేగంగా, రాయడం నెమ్మదిగా ఉండే పెన్‌డ్రైవ్ దగ్గర ఆ లెక్క తిరగబడుతుంది. 2 జీబీలు సెకనుకు 100 ఎంబీల చొప్పున చదవడానికి 20 సెకన్లు, 15 ఎంబీల చొప్పున రాయడానికి రెండు నిమిషాల పైన. ‘నో-హోల్-ఫైల్’, ‘ఇన్‌ప్లేస్’ రెండూ కలిపి ఇస్తే డ్రైవ్‌లోని పాత ప్రతిని చదివి, మారిన ముక్కలను మాత్రం అక్కడికక్కడే దిద్దుతుంది. మొదటిది ఒక్కటే ఇస్తే ప్రయోజనం సున్నా, ఎందుకంటే తాత్కాలిక ఫైలు మొత్తంగా రాయబడుతుంది.

రెండు హెచ్చరికలు. మార్పులు ఫైలంతటా వందల చోట్ల చెదిరి ఉంటే ఆ చిల్లర రాతలు వరస రాత కంటే నెమ్మదిగా ముగియవచ్చు, కొలిచి చూడాలి. ‘ఇన్‌ప్లేస్’లో ఉండగా డ్రైవ్ ఊడితే కొత్తదీ ఉండదు, పాతదీ ఉండదు. ఏకైక బ్యాకప్ ఆ డ్రైవే అయితే ఈ వేగం వద్దు. తెరిచి ఉన్న డేటాబేస్, మెయిల్ ఫైళ్లను ఏ పద్ధతిలో కాపీ చేసినా సగం పాత, సగం కొత్త ప్రతి వచ్చే ప్రమాదం ఉంది. ముందు ఆ ప్రోగ్రామ్ మూయాలి.

మొదటి రెండు మూడు జీబీలు చకచకా ఎక్కి, ఆ తర్వాత వేగం సెకనుకు పది ఎంబీలకు పడిపోవడం మరో తరచు ఫిర్యాదు. ఒక సెల్‌లో మూడు, నాలుగు బిట్లు దాచే ఫ్లాష్‌లో కొంత భాగాన్ని ఒక బిట్ పద్ధతిలో వాడి వేగవంతమైన కాష్‌గా ఉంచుతారు. అది నిండాక అసలు ఫ్లాష్ వేగం బయటపడుతుంది. కాసేపు వదిలేస్తే కొన్ని డ్రైవ్‌లు దాన్ని ఖాళీ చేసుకుంటాయి. కాబట్టి వారానికోసారి 20 జీబీలు పంపే బదులు రోజూ 3 జీబీలు పంపితే ప్రతిసారీ కాష్ వేగమే దక్కుతుంది. డ్రైవ్ నిండుగా ఉంటే కంట్రోలర్‌కు మసలే చోటు ఉండదు, పదీ పదిహేను శాతం ఖాళీ ఉంచాలి. వేలెడు లోహపు డ్రైవ్‌లు వేడెక్కినా వేగం తగ్గించుకుంటాయి.

డ్రైవ్ ఫార్మాట్, కంప్యూటర్ సెట్టింగులు

వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మధ్య తిరిగే డ్రైవ్‌కు ఎక్స్‌ఫ్యాట్ తగినది. 4 జీబీల బెడద ఉండదు. ఫైలు ఖాళీ చోట ముక్కలు కాకుండా ఒకే వరసలో కూర్చుంటే గొలుసు రాయనవసరం లేదు, పట్టికకు రెండో ప్రతి కూడా ఉండదు, ఆ మేరకు చిల్లర రాతలు తగ్గుతాయి. లినక్స్ కెర్నల్‌లో 5.7 వెర్షన్ నుంచి దీనికి స్థిరమైన డ్రైవర్ ఉంది. ఒక లోపం: 32 జీబీలు దాటిన డ్రైవ్‌లో విండోస్ డిఫాల్టుగా 128 కేబీల క్లస్టర్ (ఫైలుకు కేటాయించే కనీస చోటు) పెడుతుంది. 10 కేబీల ఫైలు కూడా 128 కేబీలు ఆక్రమిస్తుంది. 200 ఎంబీల ఇరవై వేల ఫైళ్లు రెండున్నర జీబీలు తింటాయి. చిన్న ఫైళ్లే ఎక్కువైతే ఫార్మాట్ చేసేటప్పుడు 32 కేబీలు ఎంచుకోవాలి. ఎన్‌టీఎఫ్‌ఎస్, లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 జర్నల్ (చేయబోయే మార్పుల చిట్టా) రాసుకుంటాయి, అది అదనపు రాత. దానికి బదులుగా డ్రైవ్ అర్ధంతరంగా ఊడినప్పుడు ఫైల్ సిస్టమ్ చెక్కుచెదరకుండా బయటపడే అవకాశం ఎక్కువ.

విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి యూఎస్‌బీ డ్రైవ్‌లకు ‘క్విక్ రిమూవల్’ డిఫాల్టు. డ్రైవ్‌ను ఎప్పుడైనా లాగేయవచ్చన్న సౌకర్యం కోసం రైట్ కాషింగ్‌ను ఆపేస్తుంది, చిల్లర రాతలు పోగుపడకుండా వెంటవెంటనే డ్రైవ్ మీద పడతాయి. డివైస్ మేనేజర్‌లో డిస్క్ డ్రైవ్స్ కింద పెన్‌డ్రైవ్ ప్రాపర్టీస్ తెరిచి, పాలసీస్ ట్యాబ్‌లో ‘బెటర్ పర్ఫార్మెన్స్’ ఎంచుకుంటే చిన్న ఫైళ్ల విషయంలో తేడా తెలుస్తుంది. ఆ తర్వాత ఎజెక్ట్ చేయకుండా ఒక్కసారీ తీయకూడదు. లినక్స్‌లో దీనికి సమానమైన పొరపాటు, డ్రైవ్‌ను ‘సింక్’ మౌంట్ ఆప్షన్‌తో తగిలించడం. పేరు చూసి మంచిదనుకుంటారు గానీ, అది పట్టికలను మాటిమాటికీ రాయించి వేగాన్నీ డ్రైవ్ ఆయువునూ తగ్గిస్తుంది. ఫైలు చదివిన సమయాన్ని నమోదు చేయనివ్వని ‘నోఎటైమ్’ పెట్టుకుని, పని ముగిశాక ‘సింక్’ కమాండ్ ఇచ్చి అన్‌మౌంట్ చేయడం సరైన పద్ధతి. ఇంకా ఎంత రాయాల్సి ఉందో మెమరీ వివరాలుండే ‘/ప్రాక్/మెమ్‌ఇన్ఫో’ ఫైలులోని ‘డర్టీ’ వరస చూపిస్తుంది.

లినక్స్‌లో ఆర్‌సింక్‌కు అలవాటుగా, ఫైళ్ల యజమాని, అనుమతులతో సహా కాపీ చేయమనే ‘ఎ’ ఆప్షన్ ఇస్తుంటారు. ఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్‌లలో యజమాని, అనుమతులు, సింబాలిక్ లింకులు నిలవవు. ప్రతి ఫైలుకూ వాటిని మార్చబోయి విఫలమవడం, ఎర్రర్లు కురిపించడం దీని ఫలితం. సబ్‌ఫోల్డర్లకు ‘ఆర్’, సమయానికి ‘టి’ చాలు. ‘టి’ మరిచిపోతే ఫైళ్లకు కాపీ చేసిన సమయం పడి, మొత్తం కథ మళ్లీ మొదటికొస్తుంది.

యాంటీవైరస్ ప్రతి ఫైలునూ తెరిచినప్పుడు ఒకసారి, రాసినప్పుడు ఒకసారి తనిఖీ చేయవచ్చు. దాన్ని ఆపేయడం కంటే, సొంత ఫైళ్లే ఉన్న సోర్స్ ఫోల్డర్‌ను మినహాయింపులో పెట్టడం మేలు. ఊళ్లు తిరిగే పెన్‌డ్రైవ్‌ను మాత్రం మినహాయించకూడదు. విండోస్ సెర్చ్ ఇండెక్సింగ్‌ను డ్రైవ్ ప్రాపర్టీస్‌లో తీసేయవచ్చు. మ్యాక్ స్పాట్‌లైట్‌కు డ్రైవ్ మొదటి ఫోల్డర్‌లో ‘.మెటాడేటా_నెవర్_ఇండెక్స్’ అనే ఖాళీ ఫైలు పెడితే సరి, పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండాలి.

పోర్టు గురించి రెండు ముక్కలు. యూఎస్‌బీ 2.0 సిద్ధాంతంలో సెకనుకు 480 మెగాబిట్లు, చేతికి దక్కేది 30 నుంచి 40 ఎంబీలు. రాత వేగమే 15 ఎంబీలున్న డ్రైవ్‌కు అదే ఎక్కువ. 3.0 డ్రైవ్‌ను 2.0 హబ్‌లో పెడితే మాత్రం పోలిక, చెక్‌సమ్ లాంటి చదివే పనులన్నీ నెమ్మదిస్తాయి. 3.0 డ్రైవ్‌ను మరీ మెల్లగా లోపలికి తోస్తే ముందు 2.0 పిన్నులు తగిలి ఆ వేగానికే స్థిరపడటం కూడా ఉంది. తీసి ఒక్క ఊపున పెడితే సర్దుకుంటుంది. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే వేగం చదివే వేగం. రాసే వేగాన్ని చాలా కంపెనీలు ముద్రించవు, ఎందుకో ఊహించడం కష్టం కాదు.

వేగం కోసం చేసే మార్పుల్లో ప్రమాదకరమైనవి తుడిపివేతకు చెందినవి. రోబోకాపీ ‘/ఎంఐఆర్’, ఆర్‌సింక్ ‘డిలీట్’ రెండూ సోర్స్‌లో లేనిదాన్ని డ్రైవ్‌లోంచి తీసేస్తాయి. సోర్స్ ఫోల్డర్ పేరు తప్పు ఇచ్చి, అది ఖాళీదైతే డ్రైవ్ మొత్తం ఖాళీ అవుతుంది. కొత్త సెట్టింగు పెట్టిన ప్రతిసారీ మొదట ‘/ఎల్’ లేదా ‘డ్రై-రన్’ నడిపి, తీసేయబోయే జాబితా చదవాలి. రోబోకాపీకి ‘/ఆర్’, ‘/డబ్ల్యూ’ విలువలు కూడా ఇవ్వాలి. ఇవ్వకపోతే తెరుచుకోని ఒక్క ఫైలు కోసం అది 30 సెకన్ల విరామంతో పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, లెక్క కడితే దాదాపు 347 రోజులు. రెండు ప్రయత్నాలు, ఐదు సెకన్ల విరామం చాలు.

నెలకోసారి చెక్‌సమ్‌తో సరిచూసుకోవచ్చు. కాపీ కాగానే చూస్తే లాభం లేదు, డేటా ర్యామ్‌లోంచి వచ్చి అన్నీ బాగున్నట్టే కనిపిస్తుంది. డ్రైవ్‌ను తీసి మళ్లీ పెట్టాకే నడపాలి. కొత్త డ్రైవ్ అయితే మొదటి సింక్‌కు ముందే లినక్స్, మ్యాక్‌లలో ఎఫ్3, విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో మొత్తం సామర్థ్యం నింపి చదివించాలి. లేని జీబీలు ఉన్నట్టు చూపించే నకిలీ డ్రైవ్‌లు దీనితో దొరికిపోతాయి. అలాంటి డ్రైవ్‌లోకి సింక్ వేగంగానే జరుగుతుంది, ఫైళ్లు మాత్రం తెరుచుకోవు.

మినహాయింపులు, మూటలు, గడియారం సడలింపు అన్నీ పెట్టాక కూడా ఒక్కో ఫైలు ఖర్చు 30, 40 మిల్లీసెకన్ల దగ్గరే నిలిచి, రోజూ మారే ఫైళ్లే వేలల్లో ఉంటే ఆ పని పెన్‌డ్రైవ్‌ది కాదు. అప్పుడు చూడాల్సింది యూఏఎస్‌పీ (కొత్త యూఎస్‌బీ ఆదేశ పద్ధతి), ట్రిమ్ (చెరిపిన చోటు ఏదో డ్రైవ్‌కు తెలిపే ఆదేశం) రెండూ ఉన్న పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీని. యూఏఎస్‌పీ ఉంటే ఆదేశాలు వరసలో నిలబడతాయి, అక్కడ ‘/ఎంటీ’కి కూడా అర్థం ఉంటుంది.